మన్యపు జ్వరమునుండి అయస్కాంతము వరకు

భద్రాచలమనగానే మనకు గోదావరి యొడ్డున రామదాసు కట్టించిన కోవెల స్ఫురించును. ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా ఆ కోవెలకు పోవు దారిలో అడవి చాలదూరము మనకు తోడువచ్చును. ఈ సీమ పొలిమేరలు పలుమార్లు మారినవి. భద్రాచలము తాలూకా 1874 వరకు మధ్యపరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాలో ఉండెను. ఆ యేట మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరెను. 1959లో ఖమ్మము జిల్లాకు వచ్చెను. 2014లో చుట్టుపట్ల మండలములు కొన్ని ఆంధ్రప్రదేశములో కలిసెను. 2016లో భద్రాచలము పట్టణము కొత్తగా ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో భాగమయ్యెను. పొలిమేరలు ఎట్లు మారినను, ఈ సీమనుగూర్చి మైదానవాసులు తరతరములుగా చెప్పుకొనిన మాట ఒకటి కలదు. అది మన్యపు జ్వరము.

1879లో రంప పితూరీ పుట్టి భద్రాచలము తాలూకాలోని రేకపల్లి ప్రాంతమునకు వ్యాపించినప్పుడు, దానిని అణచుటకు వచ్చిన సిపాయిలలో అనేకులను ఈ జ్వరము మంచమెక్కించెను. బయటివారిని ఇంతగా బాధించిన జ్వరము అడవిలో పుట్టి పెరిగిన వారిని వదలినదా? వదలలేదు. ఎన్నో శతాబ్దములు వారితో కాపురము చేసి, వారి రక్తములోనే ఒక గురుతు నుంచెను. ఆ గురుతు నేడు కొందరు బిడ్డల గుండెకు ఏ విధముగా ముప్పు తెచ్చుచున్నదో, ఆ ముప్పును అయస్కాంతముతో ముందుగా కనిపెట్టు విద్య ఎట్లు పుట్టినదో మనవి చేయుటయే మా ఉద్దేశము.

మలేరియా దోమవలన వచ్చునని లోకమునకు తెలిపిన పరిశోధన మన తెలుగునాటనే జరిగెను. సికిందరాబాదులో సైనిక వైద్యుడుగానున్న రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20వ తేదీన ఒక దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. అటుపిమ్మట అర్ధశతాబ్దమునకు, 1949లో, జె. బి. ఎస్. హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు ఒక చిత్రమైన ఊహ చేసెను. మధ్యధరా సముద్రతీరపు జనులలో తలసీమియా అను రక్తదోషము అంత విరివిగా ఏల ఉన్నది? ఆ దోషమును పాక్షికముగా పొందినవారిని మలేరియా అంత సులభముగా చంపలేకపోవుట చేతనే అది తరతరములుగా నిలిచియుండునని ఆయన తలచెను. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో సికిల్ సెల్ అను మరియొక రక్తదోషము విషయములో ఈ ఊహకు బలమైన సాక్ష్యము చూపెను.

హాల్డేన్ 1957లో మన దేశమునకు వచ్చి, భారత పౌరుడై, 1964లో భువనేశ్వరములో కన్నుమూసెను. ఆయన శిష్యులలో పిఠాపురములో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావుగారు ఒకరు. ఆంధ్రదేశములో మేనరికపు వివాహములనుగూర్చి వారు చేసిన పరిశోధన వంశపారంపర్య శాస్త్రములో పేరుపొందినది.

ఈ దోషములు సంక్రమించు తీరు సులభముగా గ్రహించవచ్చును. ప్రతి మనిషికిని రక్తలక్షణము తల్లినుండి ఒక పాలు, తండ్రినుండి ఒక పాలు వచ్చును. ఒక పాలు మాత్రమే దోషయుక్తమైనచో ఆ మనిషి ఆరోగ్యముగానే ఉండును; తనలో అది ఉన్నట్లే ఎరుగడు. అట్టి ఇద్దరు దంపతులైనప్పుడు, ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు బిడ్డకు రెండు పాళ్ళును దోషయుక్తములై వ్యాధి రావచ్చును. అడవిలో మలేరియానుండి తాతలను కాపాడిన లక్షణమే, రెండింతలై మనుమని ప్రాణము మీదికి వచ్చుచున్నది.

సికిల్ సెల్ వ్యాధిని 1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ మొదట వర్ణించెను. మన దేశములో 1952లో లేమన్, కట్‌బుష్ అనువారు నీలగిరి గిరిజనులలో దానిని గుర్తించిరి. గోదావరి మన్యపు కోయలు మొదలైన జనులలో కూడ అది కలదని తరువాతి పరిశోధనలవలన తేలెను. తలసీమియాను 1925లో అమెరికాలోని డెట్రాయిట్ వైద్యుడు థామస్ కూలీ వేరు వ్యాధిగా గుర్తించెను. గ్రీకు భాషలో సముద్రమునకు పేరైన మాటనుండి దానికి ఆ పేరు వచ్చినది. సముద్రమునకు ఎంతో దూరముననున్న మన అడవి అంచులలోను, ఖమ్మమువంటి పట్టణములలోను కూడ ఈ వ్యాధిగల బిడ్డలున్నారు. ఇది ఒక తెగకో, ఒక కులమునకో చెందిన వ్యాధి కాదు.

తలసీమియా తీవ్రముగానున్న బిడ్డ శరీరము చాలినంత రక్తమును తయారు చేసికొనలేదు. కావున రెండు మొదలు నాలుగు వారముల కొకమారు ఇతరుల రక్తము ఎక్కించవలెను. అదియే ప్రాణాధారము. కాని రక్తమునకు ఎరుపునిచ్చు హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉన్నది. ఒక్కొక్క సంచి రక్తముతో సుమారు 200 మొదలు 250 మిల్లీగ్రాముల ఇనుము లోపలికి పోవును. మన శరీరము దినమునకు ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించి ఇనుమును బయటికి పంపలేదు. మిగిలినదంతయు కాలేయములోను, గ్రంథులలోను, చివరకు గుండె కండరములోను పేరుకొనును. ప్రాణము నిలిపిన రక్తమే ఏండ్లు గడచుకొలది గుండెను తినివేయుట ఈ వ్యాధిలోని విషాదము.

ఈ ఇనుమును బయటికి లాగు మందులు లేకపోలేదు. 1960 దశకములో డెస్‌ఫెరాక్సమిన్ అను మందు వచ్చెను. దానిని చర్మము క్రింద సూదితో గంటలతరబడి, రాత్రివేళల ఎక్కించవలసియుండెను. 1990 దశకములో డెఫెరిప్రోన్ అను మాత్ర వచ్చెను; దానికి ముందుగా అనుమతినిచ్చిన దేశములలో మనది యొకటి. 2005లో డెఫెరాసిరాక్స్ అను మరియొక మాత్ర వాడుకలోనికి వచ్చెను. అయితే ఏ బిడ్డకు ఏ మందు ఎంత ఈయవలెను? గుండెలో ఇనుము చేరినదా లేదా యని తెలియనిదే ఈ ప్రశ్నకు జవాబు లేదు.

ఇచ్చట వైద్యులు చిరకాలము చీకటిలో తడవులాడిరి. రక్తములో ఫెరిటిన్ అను పదార్థమును కొలిచిన శరీరములోని మొత్తపు ఇనుము కొంతవరకు తెలియును గాని, గుండె సంగతి తెలియదు. కాలేయపు ముక్కను తీసి పరీక్షించినను అంతే. కాలేయము శుభ్రముగానుండి గుండె నిండియుండవచ్చును. శబ్దతరంగములతో గుండెను చూపు ఎకో పరీక్షలో గుండె కొట్టుకొనుట చాలకాలము బాగుగానే కనిపించును. అది మందగించినట్లు కనిపించునప్పటికి ముప్పు ముంచుకొని వచ్చియుండును. ఆడుచు పాడుచుండిన యువకుడు కొలది వారములలో గుండె నీరసించి మరణించుట అరుదు కాకుండెను.

ఇక అయస్కాంతపు కథ. రక్తములో ఇనుమున్నది గదా, అది అయస్కాంతమునకు లొంగునా యను ప్రశ్న పాతది. 1845లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే ఎండిన రక్తమును అయస్కాంతము చెంత పరీక్షించి, అది ఆకర్షింపబడుట లేదని ఆశ్చర్యపడెను. 1936లో లైనస్ పౌలింగ్, చార్లెస్ కొర్యెల్ అనువారు ఆ చిక్కును విప్పిరి. ప్రాణవాయువు నింపుకొనిన రక్తమును అయస్కాంతము ఆకర్షింపదు. ప్రాణవాయువును విడిచిన రక్తము కొద్దిగా ఆకర్షింపబడును. ఇనుము ఉన్న స్థితిని అయస్కాంతము గుర్తింపగలదని ఇట్లు తేటపడెను.

రెండవ మార్గము పరమాణువుల విద్యనుండి వచ్చెను. రేడియో గల గృహస్థులకు ఇది బోధపరచుట కష్టము కాదు. మీటను త్రిప్పగా, స్టేషను తరంగముతో పెట్టె సరిగా కలిసినప్పుడే పాట పలుకును. 1946లో అమెరికాలో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ అను ఇరువురు వేరువేరుగా కనిపెట్టినది ఇట్టిదే. బలమైన అయస్కాంతము నడుమ నీటిలోని హైడ్రోజను బీజములు చిన్న చిన్న రేడియోలవలె ప్రవర్తించును. తగిన తరంగమును పంపినచో దానిని గ్రహించి, తిరిగి తామే పలుకును. భూమి అయస్కాంతశక్తికి సుమారు 30,000 రెట్లు బలముగల ఆసుపత్రి యంత్రములో ఆ తరంగము సుమారు 64 మెగాహెర్ట్‌జ్, మన ఎఫ్.ఎమ్. స్టేషనులకు కొంచెము దిగువ.

ఈ విద్యలో మన దక్షిణదేశమునకును భాగమున్నది. 1951లో బెంగుళూరులో జి. సూర్యన్ పారుచున్న ద్రవములలో ఈ పలుకు ఎట్లు మారునో పరీక్షించి ప్రకటించెను. శరీరములో పారు రక్తమును ఈ పద్ధతిని కొలుచుట తరువాతి మాట. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య కె. రంగధామరావుగారు దీనికి సోదరియగు మరియొక అనునాద విద్యకు ప్రయోగశాలను నెలకొల్పిరి.

1973లో పాల్ లాటర్‌బర్ ఈ పలుకులనుండి చిత్రము కూర్చు విధానమును ప్రకటించెను. పీటర్ మాన్స్‌ఫీల్డ్ దానిని వేగవంతము చేసెను. వారిరువురికి 2003లో నోబెల్ బహుమానము లభించెను. 1977 జులై 3వ తేదీన రేమండ్ డమాడియన్ బృందము తీసిన మొదటి మానవదేహ చిత్రము రొమ్ముభాగమునదే; దానికి దాదాపు ఐదు గంటలు పట్టెను. అంతసేపు గుండె కదలకుండునా? కావున 1980 దశకములో గుండె విద్యుత్స్పందనను చూచుకొని, ప్రతి కొట్టుటలో ఒకే క్షణమున చిత్రము తీయు ఉపాయము చేసిరి. రోగి కొన్ని సెకనులు ఊపిరి బిగపట్టిన చాలును. గుండె నిలుకడగా కనిపించసాగెను.

అప్పుడు రెండు దారులును కలిసెను. హైడ్రోజను బీజముల పలుకు ఘంటానాదమువలె క్రమముగా క్షీణించును. చెంత ఇనుము పేరుకొనియున్నచో అయస్కాంతశక్తి అచ్చట కలతచెంది, ఆ నాదము త్వరగా అణగిపోవును. 2001లో లండనులో లీసా ఆండర్సన్, డడ్లీ పెన్నెల్ మొదలగువారు ఈ క్షీణతను గుండె కండరములో కొలిచి చూపిరి. ఆ కొలతకు టీ-టూ-స్టార్ అని పేరు. సెకనులో వెయ్యవ వంతును ఒక మిల్లీసెకను అందురు. ఆ కొలత 20 మిల్లీసెకనులకు పైనున్న గుండె క్షేమము. 10కి దిగువనున్నచో ఇనుము మిక్కుటము. సూది లేదు, కోత లేదు, ఎక్స్‌రే కిరణములు లేవు.

ఈ అంకె విలువ ఎట్టిదో 2009లో ప్రకటించిన ఒక పరిశోధనవలన తేలెను. 652 మంది తలసీమియా రోగులను పరీక్షింపగా, ఏడాదిలో గుండె నీరసించిన వారిలో నూటికి 98 మందికి ఆ కొలత 10కి దిగువనే ఉండెను. ఫెరిటిన్ గాని, కాలేయములోని ఇనుము గాని ఆ సంగతిని అంత నిక్కచ్చిగా చెప్పలేకపోయెను. బ్రిటనులో ఇనుము పేరుకొనుటవలన కలుగు తలసీమియా మరణములు 1980-1999 నడుమ వేయి రోగి-సంవత్సరములకు 7.9 కాగా, 2000-2003 నడుమ 2.3కు తగ్గినవని 2008లో ప్రకటించిరి. యంత్రము రోగమును మాన్పలేదు. ఎవరికి మందు పెంచవలెనో ముందుగా చెప్పినది. సకాలమున మందు పెంచినచో నెలలు, ఏండ్లు పట్టినను గుండెలోని ఇనుము దిగును.

కాని లండనులో జరిగిన మేలు మన అడవి అంచునకు ఎట్లు చేరవలెను? భద్రాచలమునుండి హైదరాబాదుకు మూడు వందల కిలోమీటర్లకు పైబడిన దారి. నెలకు ఒకటి రెండుమార్లు రక్తమునకై కూలి పోగొట్టుకొని తిరుగు తల్లిదండ్రులకు, బిడ్డ పైకి బాగుగా కనిపించుచుండగా మరియొక పరీక్షకు పొమ్మనిన ఆ మాట చెవికెక్కుట కష్టము. పైగా ఎమ్.ఆర్.ఐ. యంత్రము ఉన్నంతమాత్రమున చాలదు. గుండెను కొలుచు ఏర్పాటును, దానిని చదువ నేర్చిన వైద్యుడును ఉండవలెను. హైదరాబాదులో 1998లో స్థాపితమైన తలసీమియా, సికిల్ సెల్ సంఘమువంటి సంస్థలు ఈ బిడ్డలకు అండగా నిలిచినవి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో ఈ రెండు వ్యాధులును చేరినవి. 2023 జులై 1వ తేదీన సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ ఉద్యమము మొదలైనది. ఇవన్నియు మంచి మెట్లే. రక్తము ఎక్కించు ప్రతి కేంద్రమునుండి బిడ్డను తగిన వయస్సున గుండె కొలతకు పంపు వాడుక ఏర్పడిననాడు ఈ మెట్లు గమ్యమునకు చేరును.

గృహస్థులు చేయదగిన పని యొకటి ఇంతకంటె సులభమైనది. వివాహమునకు ముందే, కనీసము గర్భము నిలిచిన తొలి నెలలలోనే, దంపతులిరువురును రక్తపరీక్ష చేయించుకొనుట. దానివలన ఈ లక్షణము ఎవరిలోనున్నదో తెలియును. ఇరువురిలోను ఉన్నచో ఏమి చేయవలెనో వైద్యుడు చెప్పును. జాతకములు చూచుటకు మనము వెచ్చించు కాలములో కొంత దీనికి వెచ్చించిన చాలును. మలేరియాతో పోరాడి బ్రతికిన పూర్వుల రక్తములో ఈ లక్షణముండుట ఎవరికిని సిగ్గు కాదు. దాని సంగతి తెలిసిన తరువాత కూడ పరీక్షకు వెనుదీయుట, ఇప్పటికే వ్యాధితోనున్న బిడ్డల గుండెను కొలువకయే ఊరకుండుట మాత్రము మనము సమర్థించుకొనదగిన పనులు కావు.