పరాయి వేరు, సొంత పండు

దక్షిణ ఫ్రాన్సులో రోన్ నదీతీరాన అవిన్యోన్ నగరం ఉన్నది. 14వ శతాబ్దంలో పోపులు రోమును విడిచి కొంతకాలం ఇక్కడ నివసించారు. ఈ నగరానికి ఉత్తరాన వారు కోట కట్టించుకున్న గ్రామమే షాతోనఫ్ ద్యు పాప్. ‘పోపుగారి కొత్తకోట’ అని దాని అర్థం. ఈ గ్రామపు ఎర్రని ద్రాక్షసారా లోకప్రసిద్ధమైనది.

ఇది తియ్యగా ఉండదు. ద్రాక్షరసంలోని చక్కెరను ఈస్టు అనే సూక్ష్మజీవులు దాదాపు పూర్తిగా ఆల్కహాలుగా మార్చివేయటమే ఇందుకు కారణం. సాధారణంగా దీనికి పలురకాల ద్రాక్షను కలుపుతారు. గ్రెనాష్ వలన ఆల్కహాలు అధికమవుతుంది, సిరా మంచి రంగునిస్తుంది, మూర్వెద్ర్ వగరునిస్తుంది.

1860 తరువాత ఈ ప్రాంతపు తోటలకు వింత తెగులు సోకినది. కొద్ది సంవత్సరాలలోనే తీగలు ఎండిపోయేవి. చచ్చిన తీగను పెకలిస్తే వేళ్ళు కుళ్ళి ఉండేవి గాని, కారణం కనబడేది కాదు. 1868లో మోంపెల్యేకు చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు ప్లాన్షాన్, అతని సహచరులు ఇంకా పచ్చగా ఉన్న తీగ వేళ్ళను పరీక్షించారు. వాటినిండా పసుపుపచ్చని చిన్న పురుగులు! పేనుబంకకు దగ్గరి బంధువైన ఫిలోక్సెరా అది. వేరు చావగానే అది మరొక తీగను వెదకుకొని పోతుంది. అందుచేతనే అంతవరకు ఎవరికంటా పడలేదు.

అమెరికా నుండి తెచ్చిన ద్రాక్షమొక్కలతో ఈ పురుగు వచ్చినది. విరుగుడు కనిపెట్టినవారికి ఫ్రెంచి ప్రభుత్వం 1870లో 20,000 ఫ్రాంకుల బహుమానం ప్రకటించి, 1874లో దానిని 3,00,000కు పెంచినది. కొందరు తోటలను నీట ముంచారు. కొందరు కార్బన్ డైసల్ఫైడును నేలలోనికి ఎక్కించారు. ఇవి అందరికీ అందుబాటైన ఉపాయాలు కావు. చివరకు విరుగుడు కూడా పురుగు పుట్టినచోటనే దొరికినది. చిరకాలంగా దానితో కలిసి బ్రతికిన అమెరికా ద్రాక్షజాతుల వేళ్ళు దాని కాటును తట్టుకోగలవు. మనం మామిడికి అంటు కట్టినట్లే, అమెరికా వేరుమొక్కపై ఫ్రెంచి కొమ్మను అంటుకట్టారు. పండు గుణం మారలేదు, తీగ బ్రతికినది. బహుమానం మాత్రం ఎవరికీ దక్కలేదు.

తోటలు నాశనమై సరుకు కరవైన రోజులలో ఎండుద్రాక్షతోను, చక్కెరనీళ్ళతోను నకిలీ సారా తయారైనది. తోటలు కోలుకున్నా ఈ మోసం ఆగలేదు. అధికోత్పత్తి కూడా తోడై ధరలు పడిపోయినవి. 1907లో రోన్‌కు పడమటనున్న లాంగ్‌దాక్ ప్రాంతంలో లక్షలాది జనం వీధులలోనికి వచ్చారు. నార్బొన్ పట్టణంలో సైనికుల కాల్పులకు కొందరు బలియైనారు.

ఈ మోసాన్ని అరికట్టటానికి 1923లో షాతోనఫ్ రైతులు బారన్ ల రువా నాయకత్వాన తమకు తామే నియమాలు విధించుకున్నారు. ఏ నేలలో ఏ రకాలు నాటవలెనో నిర్ణయించారు. ఆల్కహాలు కనీసం 12.5 శాతం ఉండవలెనన్నారు. 1935లో ఇటువంటి పద్ధతిని ప్రభుత్వం దేశమంతటికీ చట్టం చేసినది. 1936లో ఆ గుర్తింపు పొందిన మొదటి సారాలలో షాతోనఫ్ ఒకటి.

ఫిలోక్సెరా నేటికీ నశించలేదు. వేరు మారటంచేతనే తోట నిలిచినది. సీసాపై చీటీ షాతోనఫ్ మట్టి పేరు చెబుతుంది. ఆ మట్టిలో దిగిన వేరు మాత్రం సముద్రాల ఆవలిది.