తొమ్మిది గీతల స్తూపం

1969 ప్రత్యేక తెలంగాణ పోరాటంలో ప్రాణాలిచ్చినవారు ఉద్యమకారుల లెక్కలో 369 మంది. వాళ్ల గుర్తుగా హైదరాబాద్ గన్‌పార్కులో స్తూపం కట్టాలనుకున్నారు. ఎదురుగా శాసనసభ! అప్పటి ప్రభుత్వానికి అది మింగుడుపడలేదు. అడ్డుకుంది, అరెస్టులు చేసింది. అయినా 1970 ఫిబ్రవరి 23న నగర మేయర్ లక్ష్మీనారాయణ ముదిరాజ్ పునాదిరాయి వేశారు.

రూపమిచ్చింది శిల్పి ఎక్కా యాదగిరిరావు. ఇంతమందిలో ఎవరి ముఖం చెక్కాలి? స్తూపంలో మనిషి బొమ్మే లేదు. అడుగున నల్లరాతి పీఠం, దాని నాలుగు వైపులా తొమ్మిదేసి చిన్న రంధ్రాలు. అవి తూటాల గుర్తులు. పీఠం మీద సాంచీని తలపించే మకరతోరణం. నడుమ నిలిచిన స్తంభానికి ఎటునుంచి చూసినా తొమ్మిది గీతలే. పైభాగాన అశోకచక్రం, కొసన తొమ్మిది రేకుల తెల్లపువ్వు. స్తూపం ఎరుపు రంగు సాహసానికీ త్యాగానికీ గుర్తు.

తొమ్మిదే ఎందుకంటే అప్పటి తెలంగాణలో ఉన్నవి అన్ని జిల్లాలే. రంగారెడ్డి ఏర్పడింది 1978లో. మా నర్సింహులపేట ఆ రోజుల్లో వరంగల్ జిల్లా, 2016లో మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. ఇప్పుడు రాష్ట్రంలో జిల్లాలు 33. స్తూపం మీది లెక్క మాత్రం మారలేదు, మారకూడదు కూడా. పోరాడిన నాటి తెలంగాణ పటం అది. ఆ గీతల్లో ఒకటి మా వరంగల్‌ది.

1975 నాటికి స్తూపం పూర్తయింది. ప్రత్యేక రాష్ట్రం కోసం సాగిన మలిదశ ఉద్యమంలో ఊరేగింపులు, ప్రమాణాలు, నివాళులు దాని దగ్గరే. ఊళ్లలోనూ కూడళ్ల దగ్గర, బస్టాండు పక్క ఖాళీ జాగాల్లో జనమే అమరవీరుల స్తూపాలు నిలబెట్టుకున్నారు. ముఖం లేని రూపం కావడం ఇక్కడ ఎంతో మేలు చేసిందని నా నమ్మకం. విగ్రహానికైతే పోలిక కుదరాలి, పేరున్న శిల్పి కావాలి. గద్దె, స్తంభం, దానికింత ఎర్రరంగు అంటే ఊరి మేస్త్రీ చేతిలో పని. ఏ తల్లయినా అక్కడ తన కొడుకును తలుచుకోవచ్చు.

2023 జూన్ 22న హుస్సేన్‌సాగర్ ఒడ్డున దీపం ఆకారంలో ప్రభుత్వమే పెద్ద అమరుల స్మారకం తెరిచింది. గన్‌పార్కుకు వచ్చేవాళ్లు ఆగలేదు. రాష్ట్రావతరణ దినం జూన్ 2 వచ్చిందంటే ముఖ్యమంత్రి నివాళి ఈనాటికీ ఆ పాత స్తూపానికే.