యాభై ఎనిమిది వ్యాగన్లు

పెద్దపల్లిలో రైల్వే గేటు పడింది. మీరు బండి ఆపి ఒక కాలు నేలకు ఆనించారు. రాత్రి పట్టిన ముసురు ఇంకా తెరిపియ్యలేదు. ముందు ఒక ఆటో, పక్కన పాల క్యాన్ల మోటార్‌సైకిల్, గేటు కింద దూరిపోదామా వద్దా అని అటూ ఇటూ చూస్తున్న ఒక పెద్దమనిషి. ఎడమవైపు రెండు వరుసల్లో బడిపిల్లలు, చేతుల్లో అట్టలు. ఆగస్టు 6, హిరోషిమా దినం. ‘యుద్ధం వద్దు’ అని స్కెచ్ పెన్నుతో రాసిన అక్షరాలు వానకు కారిపోయి, ‘వద్దు’ మాత్రమే చదవడానికి వస్తోంది.

రామగుండం దిక్కు నుంచి బొగ్గు గూడ్సు వచ్చింది. కాళ్ల కింద నేల సన్నగా వణికింది. పిల్లలకు ఇంతకన్నా ఆట ఏముంటుంది? ఒకటి, రెండు, మూడు అని అరుస్తూ లెక్క మొదలుపెట్టారు. తడిసిన బొగ్గు వాసన మీ ముక్కుకు తగిలింది. ఇరవై దాటాక అరుపు సద్దుమణిగింది, నలభై దగ్గర ఇద్దరు తప్పారు, ఒక్క పిల్లవాడు మాత్రం పట్టు వదలకుండా చివరిదాకా వెళ్లాడు.

“యాభై ఎన్మిది సార్!”

“బొగ్గెంతుంటదిర?” గొడుగు కింద నుంచి సారు అడిగారు.

“మా నాయిన జెప్పిండు సార్. నాలుగు వేల టన్నులకు అటిటు.”

“ఇగో, గదంత ఒక్కపారే కాలవెడితె ఎంత శక్తొస్తదో, హిరోషిమ మీద వడ్డదాంట్ల గంతుండె. గండ్ల నిజంగ పనిజేసింది కిలో యురేనియం గూడ కాదు.”

మీరు మనసులోనే లెక్క కట్టి చూసుకున్నారు. ఆ బాంబులో పెట్టిన యురేనియం 64 కిలోలు, అందులో విచ్ఛిత్తి అయింది కిలో లోపే. 15 వేల టన్నుల టీఎన్‌టీ పేలినంత శక్తి వచ్చింది. మన బొగ్గుతో అంత వేడి పుట్టించాలంటే మూడున్నర వేల టన్నుల దాకా కాల్చాలి. సారు చెప్పింది సరిగ్గానే ఉంది. రామగుండం ఎన్‌టీపీసీ బాయిలర్లు పూర్తి జోరు మీద ఉంటే ఈ బండెడు బొగ్గు వాటికి రెండు మూడు గంటల తిండి. హిరోషిమాలో అదంతా సెకనులో వెయ్యో వంతు కూడా పట్టకుండా అయిపోయింది, బడికి పోయే వేళ, ఉదయం ఎనిమిదీ పావుకు.

చివరి పెట్టె వెళ్లిపోయింది. గేటు లేవలేదు. కాజీపేట నుంచి ఇంకో బండి వస్తోందట. ఆటోడ్రైవర్ బీడీ ముట్టించాడు.

“గా బాంబు జేసినోళ్లెవలు సార్?”

సారు నోరు తెరవకముందే వెనక నుంచి జవాబు వచ్చేసింది: “ఓపెన్‌హైమర్! నేను ఫోన్ల సిన్మ జూసిన.” ఒక్క సినిమాతో ఆ పనంతా ఒక్కాయన టోపీ కిందకు చేరిపోయింది. ఇంత మందిలో ఈ మాటకు తృప్తి పడనిది ఒక్క ఆడపిల్ల. వాళ్ల నాన్న రామగుండం బాయిలో మూడో షిఫ్టు మనిషయి ఉండాలి, లేకపోతే ఈ ప్రశ్న తట్టదు.

“మరి గా యురేనియం తవ్వినోళ్లెవలు సార్?”

సారు ఒక్క క్షణం ఆగారు. ఆ ఖనిజంలో ఎక్కువ భాగం ఆఫ్రికాలో బెల్జియం ఏలుబడిలో ఉన్న కాంగోలోని షింకోలోబ్వే గని నుంచి వచ్చింది. 1940లో దాదాపు 1,200 టన్నుల ఖనిజం ఓడలెక్కి న్యూయార్క్ పక్కన స్టాటెన్ ఐలండ్ గోదాములో చేరింది. ఓడ ఎక్కించిన కంపెనీ పెద్ద పేరు పుస్తకాల్లో ఉంది. గనిలో దిగి తట్టలకు ఎత్తిన నల్లజాతి కూలీల పేర్లు ఏ పుస్తకంలోనూ కనిపించవు. ఆ తర్వాత అమెరికాలో ఓక్ రిడ్జ్ అనే ఊళ్లో, అప్పుడే బడి చదువు ముగించిన ఆడపిల్లలు యురేనియాన్ని శుద్ధి చేసే యంత్రాల ముందు ఎత్తైన స్టూళ్ల మీద కూర్చుని, మీటర్ ముల్లు గీత దాటకుండా రాత్రింబవళ్లు మరలు తిప్పారు. ఏం తయారవుతోందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. హిరోషిమా వార్త విన్నాకే తెలిసింది. బాంబు చేసినవాళ్ల జాబితా రాయాలంటే మొదటి పేజీ ఈ కూలీలతోనే మొదలవ్వాలి. నా పట్టింపు అది. మన ఆసిఫాబాద్ అడవుల్లో జోడేఘాట్ దగ్గర కొమురం భీం నిజాం తూటాలకు నేలకొరిగిందీ 1940లోనే. భూమి కోసం అక్కడొక యుద్ధం జరుగుతుంటే, భూమిలోంచి తీసిన రాయి ఇంకో యుద్ధానికి సముద్రం దాటుతోంది.

“మనోళ్లు ఎవలన్న ఉన్నరా సార్?” లెక్క తప్పని ఆ పిల్లవాడే అడిగాడు.

“బాంబు పనిల తెలుగోళ్లు ఉన్నట్టు నేనెక్కడ సదువలె. గానీ గా పని నడిచిన ల్యాబుల ఒక తెలుగు సాధువుండె.”

పిల్లలు నవ్వారు. సాధువుకు ల్యాబులో ఏం పని? మీకూ నవ్వొచ్చింది. గేటు పడే ఉంది కాబట్టి, ఈ వానలోంచే ఇంకో వానలోకి రండి.

లివర్‌పూల్. మెర్సీ నది మీంచి కొట్టే చలిగాలికి చెవులు మొద్దుబారతాయి. వీధి దీపాలు లేవు, కిటికీలకు నల్లగుడ్డలు. యుద్ధం. గోడ పట్టుకుని విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర భవనం నేలమాళిగలోకి దిగితే, ఒక పెద్ద విద్యుదయస్కాంతం చేసే రొద మీ పళ్లలో వినిపిస్తుంది. అది సైక్లోట్రాన్, పరమాణు కణాలను గుండ్రంగా తిప్పి వేగం పెంచే యంత్రం. దాన్ని పట్టుబట్టి కట్టించినవాడు సన్నగా పొడుగ్గా, ముభావంగా ఉండే జేమ్స్ చాడ్విక్. 1932లో న్యూట్రాన్‌ను కనిపెట్టినవాడు, 1935లో నోబెల్ అందుకున్నవాడు. న్యూట్రాన్ లేకపోతే బాంబే లేదు. ఆయన జీవితంలో నాకు అంతకన్నా ఇష్టమైన ముచ్చట ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి చదువుకోసం బెర్లిన్‌లో ఉండి శత్రుదేశం వాడిగా పట్టుబడ్డాడు. గుర్రపు పందేల మైదానంలో, గుర్రాల కొట్టంలో నాలుగేళ్లు బందీ. అక్కడ ఊరుకున్నాడా? థోరియం కలిసిన టూత్‌పేస్టు ఒకటి అప్పట్లో జర్మనీలో అమ్మేవారు. దాన్ని సంపాదించి, దాంతోనే రేడియోధార్మికత మీద ప్రయోగాలు చేశాడు.

ఆ రొద పక్కన ఇంకో ఇద్దరు. ఒకడు ఒట్టో ఫ్రిష్. ఆస్ట్రియాలో పుట్టి, హిట్లర్ నుంచి తప్పించుకున్న యూదుడు. 1940 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో తోటి శాస్త్రవేత్త పైయర్ల్స్‌తో కలిసి, బాంబుకు టన్నులు అక్కర్లేదు, శుద్ధి చేసిన యురేనియం కొద్ది కిలోలు చాలని కాగితం మీద తేల్చినవాడు. ఇంకొకడు పోలండ్ నుంచి వచ్చిన జోసెఫ్ రోట్‌బ్లాట్. భార్య తోలా వార్సాలో చిక్కుకుపోయింది. మళ్లీ ఆమెను చూడలేదు. హిట్లర్ ముందుగా చేస్తాడన్న భయంతోనే వీళ్లు న్యూట్రాన్లు యురేనియాన్ని ఎలా చీలుస్తాయో ఈ యంత్రం మీద కొలిచారు.

చాడ్విక్ ప్రయోగశాలకు చేరిన సాధువు గోదావరి మనిషే. మన గోదావరే సముద్రం దగ్గర పడ్డ చోట, భీమవరం దగ్గరి గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. ఇల్లు విడిచి హిమాలయాల్లో యోగసాధన చేసి స్వామి జ్ఞానానంద అయ్యారు. వేదాల మీద ఉపన్యాసాలివ్వడానికి జర్మనీ వెళ్లారు. చెప్పడానికి పోయినాయన డ్రెస్డెన్‌లో సాపేక్ష సిద్ధాంతం మీద పాఠాలు విని, బెంచీ మీద కూర్చుని చదువుకునేవాడయ్యారు. ప్రాగ్‌లో ఎక్స్‌రేల మీద పనిచేసి 1936లో డీఎస్‌సీ పట్టా పొందారు. అక్కడి నుంచి చాడ్విక్ దగ్గరికి. అప్పటికే వయసు నలభై దరిదాపుల్లో ఉంది.

ఆయన చేసింది బీటా కిరణాల పని. పరమాణు కేంద్రకం నుంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్లను అయస్కాంతంతో వంచుతారు. వడిసెల రాయి ఎంత జోరుగా పోతే అంత తక్కువ వంగినట్టు, శక్తి ఎక్కువున్నది తక్కువ వంగుతుంది. వంపు కొలిస్తే శక్తి తెలుస్తుంది. కాకపోతే దారిలో గాలి ఉండకూడదు. గాలి అణువులకు తగిలితే ఎలక్ట్రాన్ దారి తప్పుతుంది, లెక్క తప్పుతుంది. గొట్టంలోంచి గాలిని చివరి కణం దాకా తోడెయ్యడమే సగం విద్య. తర్వాత అమెరికాలో మిషిగన్‌లో పనిచేసి, 1947లో ఆయన అచ్చువేయించిన పుస్తకం పేరే ‘హై వేక్యువా’. శూన్యం గురించి సన్యాసి రాసిన పాఠ్యపుస్తకం అంటే ఎవరైనా వేదాంతమనే అనుకుంటారు. అందులో ఉన్నవి పంపులు, గేజీలు.

1941 మే మొదటి వారం వరసగా ఏడు రాత్రులు జర్మన్ విమానాలు లివర్‌పూల్‌ను కాల్చాయి. ఆ వసంతంలోనే చాడ్విక్‌కు అర్థమైంది, బాంబు సాధ్యమే కాదు, తప్పదని. నిద్రమాత్రలు అప్పుడు మొదలుపెట్టాడు. దానికి వేరే మందు లేదని ముసలితనంలో చెప్పుకున్నాడు. అయినా వెనక్కి తగ్గలేదు. బ్రిటిష్ బృందానికి పెద్దగా అమెరికా వెళ్లాడు, 1945 జులై 16న ఎడారిలో మొదటి పేలుడు కళ్లారా చూశాడు. ఫ్రిష్ కూడా చూశాడు.

రోట్‌బ్లాట్ చూడలేదు. జర్మనీ దగ్గర బాంబు లేదని తెలిసిన వెంటనే, 1944 చివర్లో, సంచి సర్దుకుని బాంబు తయారవుతున్న లాస్ అలమోస్ నుంచి బయటపడ్డాడు. గూఢచారి అని అనుమానించారు. కాగితాలు, ఫొటోలు పెట్టుకున్న పెట్టె దారిలో రైల్లోనే మాయమైంది. వేలమంది పనిచేసిన చోట మనస్సాక్షి మాట విని ముందే తప్పుకున్నవాడు ఆయన. మిగతా జీవితం ఆసుపత్రి వైద్యానికి పనికొచ్చే భౌతికశాస్త్రం, అణ్వాయుధాల మీద పోరాటం. 1995 డిసెంబర్ 10న ఓస్లోలో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నాడు.

కాజీపేట బండి ధడధడమని మీ ముందు నుంచి దూసుకుపోయింది. మళ్లీ పెద్దపల్లి, మళ్లీ ముసురు. ఈ గేటు దగ్గర నిలబడ్డ మనకు ఆ డిసెంబర్ ఇంకో రకంగా గుర్తుండాలి. ఓస్లో సభ ముగిసిన ఐదు రోజులకు, డిసెంబర్ 15న, పోఖ్రాన్‌లో అణుపరీక్షకు ఏర్పాట్లు జరుగుతున్నట్టు అమెరికా ఉపగ్రహాలకు చిక్కిందని న్యూయార్క్ టైమ్స్ రాసింది. అప్పుడు ప్రధాని మన వంగర మనిషి, ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న మంథని నుంచి 1957 మొదలు నాలుగుసార్లు శాసనసభకు గెలిచిన పీవీ నరసింహారావు. పరీక్ష ఆగింది. బాంబు సిద్ధం చేసిపెట్టింది పీవీయేనని, 1998లో పేల్చిన వాజపేయి తర్వాత బాహాటంగానే చెప్పారు. ఎందుకు ఆపారో పీవీ విప్పి చెప్పకుండానే 2004లో వెళ్లిపోయారు. అమెరికా ఒత్తిడికి తగ్గారంటారు కొందరు. అదే ఆయన ఎత్తుగడ అంటారు ఇంకొందరు. మంథని చాయ్ హోటళ్లలో ఈ వాదన ఎప్పటికీ తెగదు.

గేటు లేచింది. పాల బండి ముందు దూరింది. పిల్లలు వరస సర్దుకున్నారు. లెక్క తప్పని పిల్లవాడు సారు పక్కకు చేరి, “మరి గా సాధువు ఏమైండు సార్?” అంటున్నాడు. హారన్ల మోతలో సారు జవాబు మీకు వినిపించలేదు.

ఆయన 1947లో తిరిగొచ్చి, ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీలో కొంతకాలం పనిచేసి, 1954లో విశాఖ చేరారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతికశాస్త్ర శాఖను నిలబెట్టి, 1969 సెప్టెంబర్ 21న కన్నుమూశారు. అక్కడి అణు పరిశోధనశాలకు ఆయన పేరే పెట్టారు. ఈసారి పిల్లలను విశాఖ తీసుకెళ్తే, బీచ్ చూపించి వెనక్కి రాకండి. ఆ గుమ్మం దాకా కూడా తీసుకెళ్లండి.