పలకను మోగించి చూడాలి

జ్వరమొస్తే వేసుకునేది ట్యాబ్లెట్, చేతిలో పట్టుకుని చదువుకునేది ట్యాబ్. మా ఊరు మనోహరాబాద్‌లో ఈ పంపకం ఎవరూ నేర్పకుండానే కుదిరిపోయింది. మందుల షాపులో ట్యాబ్ అడిగేవాడు లేడు, సెల్‌ఫోన్ల దుకాణంలో ట్యాబ్లెట్ అడిగేవాడూ లేడు. పుట్టుక చూస్తే మాత్రం రెండూ ఒకే ఇంటి బిడ్డలు. లాటిన్‌లో టాబులా అంటే పలక. ఆ వంశంలో పుట్టిన ట్యాబ్లెట్‌కు చిన్నపలక అని అర్థం. నొక్కి చదును చేసిన మందుబిళ్లకూ ఆ పేరే వచ్చింది, తర్వాత చదువుకునే యంత్రానికీ అదే దక్కింది.

మొన్న మా మేనకోడలికి ట్యాబ్ కొందామని హైవే పక్కనున్న దుకాణానికి వెళ్లాం. మా అమ్మ కూడా వచ్చింది. దుకాణం పిల్లవాడు "ఎనిమిది జీబీ ర్యామ్, పెద్ద బ్యాటరీ, హెచ్‌డీ స్క్రీన్" అని గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే, అమ్మ దాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది. వెనక్కి తిప్పి వేలిమెటికతో రెండు దెబ్బలు కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది. నాలుగు మూలలూ బొటనవేలితో తడిమింది.

"గట్ల కొట్టకు అమ్మమ్మా, అది పలక గాదు" అంది మేనకోడలు నవ్వుతూ.

"పలక గాకపోతే ఇంకేందే? కొట్టి సూడకుండ ఎవలు కొంటరు?" అంది అమ్మ.

రాతి పలక వాడినవాళ్లకు ఈ పరీక్ష తెలుసు. మెటికతో కొడితే ఖంగుమనాలి. మోత మొద్దుగా వస్తే లోపలెక్కడో నెర్రె ఉన్నట్టే, బడి సంచిలో వారం తిరగకముందే రెండు ముక్కలవుతుంది. కర్ర చట్రం మూలలు కదలకూడదు. బలపంతో గీసిన గీత తడిగుడ్డతో తుడవగానే పోవాలి, దాని నీడ మిగలకూడదు. తెలుగునాట చాలామంది దిద్దిన పలకలు మార్కాపురం రాతివి. అక్కడి గనుల్లో పొరలు పొరలుగా లేచే రాయిని కోసి, చట్రం కట్టి ఊరూరికీ పంపేవారు. తర్వాత రేకు పలకలు వచ్చాయి, మోగించి చూసే అవసరం తీరిపోయింది.

పలకతో మా ప్రాంతానికి ఇంకో చుట్టరికం కూడా ఉంది. మా స్టేషన్ మీదుగా నిజామాబాద్ వైపు వెళ్లే రైలుమార్గంలోనే బాసర ఉంది. అక్కడా, మాకు దగ్గర్లోని వర్గల్ గుట్ట మీదా సరస్వతి సన్నిధిలో పిల్లలకు అక్షరాభ్యాసం చేయిస్తారు. ఆ రోజున ఒడిలో పెట్టేది ఇప్పటికీ పలకే. అదే బాసరలో 2008లో రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టి, పల్లెల నుంచి వచ్చిన పిల్లల చేతికి ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. బలపం నుంచి కంప్యూటర్ దాకా దూరమంతా ఒక్క ఊళ్లోనే కనిపిస్తుంది.

అమ్మ పరీక్షను చూసి నేనూ ముందు నవ్వాను. తర్వాత ఆలోచిస్తే అందులో నవ్వాల్సిందేమీ కనిపించలేదు. ట్యాబ్ కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఏది తీసుకున్నా, దాని వెనక ఎక్కడో ఒకచోట మోగని పలక ఒకటి ఉంది.

అట్టముక్కతో మొదలు

కంప్యూటర్‌కు పలకను జతచేసిన తొలి ప్రయత్నాల్లో పేరున్నది 1964లో అమెరికాలోని ర్యాండ్ సంస్థ చేసింది. పది అంగుళాల చదరపు పలక, దాని మీద రాయడానికి తీగతో కట్టిన కలం. ఖరీదు 18,000 డాలర్లు. పైగా రాసేది ఒకచోట, అక్షరం కనిపించేది ఎదురుగా ఉన్న తెర మీద. చూపూ చెయ్యీ ఒకేచోట లేని పలక అది.

ఆ రెండింటినీ కలిపి ఊహించినవాడు అలన్ కే. పిల్లలకు కంప్యూటర్ నేర్పుతున్న సేమూర్ పాపర్ట్‌ను 1968లో కలిసివచ్చాక ఆయన అట్టముక్కలతో ఒక నమూనా చేసుకున్నాడు. 1972లో జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో ఉండగా దాని గురించి వ్యాసం రాశాడు. పేరు డైనాబుక్. పుస్తకమంత ఉండాలి, బరువు రెండు కిలోలు దాటకూడదు, ధర 500 డాలర్ల దగ్గర ఉండాలి. ఆయన మనసులో ఉన్నది బడిపిల్లలు. అప్పట్లో కంప్యూటర్ అంటే గది నిండా ఉండే యంత్రం. అందుకే డైనాబుక్ అట్టముక్క దగ్గరే ఆగిపోయింది. అయినా బరువెంత, ధరెంత, ఎవరికోసం అనే మూడు ప్రశ్నలు మాత్రం ఆ వ్యాసంతోనే పుట్టాయి.

రెండు కిలోల పలక, చదవలేని పలక

పదిహేడేళ్లకు, 1989లో గ్రిడ్‌ప్యాడ్ వచ్చింది. జెఫ్ హాకిన్స్ రూపకల్పన, తయారీ శామ్‌సంగ్‌ది. ధర 2,370 డాలర్లు. బరువు దాదాపు రెండు కిలోలు. నిలబడి లెక్కలు రాసుకునే ఉద్యోగుల కోసం చేశారు. రెండు కిలోల వస్తువును ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో రాయడం ఎంతసేపు సాగుతుందో, పొద్దున సంతకు కూరగాయల సంచి మోసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

హాకిన్స్ ఈసారి జాగ్రత్తపడ్డాడు. కొత్తది తయారుచేసే ముందు జేబులో పట్టేంత కర్రముక్క కోయించి, దాన్నే యంత్రం అనుకుని వెంట తిప్పుకున్నాడు. ఎవరైనా ఫలానా రోజు కలుద్దామంటే జేబులోంచి కర్ర తీసి దాని మీద రాసుకుంటున్నట్టు నటించేవాడు. ఏ పనికి తీస్తున్నాడు, ఎన్నిసార్లు తీస్తున్నాడు, జేబుకు ఎంత బరువవుతోంది అని చూసుకున్నాడు. 1996లో వచ్చిన పామ్ పైలట్ అలా పుట్టింది. వస్తువు కొనేముందు దాన్ని దేనికి వాడతామో నాలుగు రోజులు గమనించుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఈ మధ్యలోనే, 1993లో, ఆపిల్ సంస్థ న్యూటన్ మెసేజ్‌ప్యాడ్ తెచ్చింది. 699 డాలర్లు. చేతిరాతను చదువుతుందని చెప్పారు. తొలి నమూనా ఒకటి రాస్తే మరొకటి చదివేది. పత్రికల్లో కార్టూన్లు వచ్చాయి, నవ్వులపాలైంది. తర్వాతి నమూనాల్లో ఆ లోపం చాలావరకు సర్దుకుంది. కానీ ఒకసారి పడ్డ పేరు పోలేదు. 1998లో దాన్ని ఆపేశారు. ప్రకటనలో ఉన్న పని దుకాణంలో మన కళ్లముందు జరుగుతోందా అని చూడటం అప్పటినుంచి తప్పనిసరి అయింది.

వేలికి పలికిన రోజు

2002లో మైక్రోసాఫ్ట్ ట్యాబ్లెట్ పీసీ ముందుకొచ్చింది. బిల్ గేట్స్ దాని మీద గట్టి నమ్మకం పెట్టుకున్నాడు. అయితే లోపల ఉన్నది బల్ల మీది కంప్యూటర్ కోసం రాసిన విండోస్. చిన్నచిన్న గుర్తుల మీద కలంమొన సరిగ్గా ఆనించాలి. ధర ల్యాప్‌టాప్‌ను మించేది. ఆసుపత్రులు, గిడ్డంగులు కొన్ని వాడాయి, ఇళ్లలోకి రాలేదు.

ఇక్కడ తెర సంగతి కాస్త చెప్పుకోవాలి. తాకితే పలికే తెరల్లో ముఖ్యమైనవి రెండు రకాలు. ఒకదానిలో రెండు పలచని పొరలుంటాయి. నొక్కితే అవి ఒకదానికొకటి ఆని, ఎక్కడ ఆనాయో యంత్రానికి తెలుస్తుంది. గోరుతోనైనా పుల్లతోనైనా పనిచేస్తుంది, కాకపోతే నొక్కాలి. రెండో రకంలో గాజు కింద సన్నని విద్యుత్ క్షేత్రం ఉంటుంది. మన వేలు తగలగానే అందులో మార్పు వస్తుంది. నొక్కనక్కర్లేదు, ఆనిస్తే చాలు, రెండు వేళ్లు ఆనించినా గుర్తుపడుతుంది. ఈ రెండో పద్ధతిని 1965లోనే ఇంగ్లండ్‌లో ఇ.ఎ. జాన్సన్ అనే ఇంజనీరు ప్రతిపాదించాడు. అది ఇంటింటికీ చేరడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది.

2010 జనవరి 27న ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ ఐప్యాడ్‌ను చూపించాడు. ఆనిస్తే పలికే 9.7 అంగుళాల తెర, బరువు 680 గ్రాములు, ధర 499 డాలర్ల నుంచి. అలన్ కే 1972లో వేసిన అంచనా దగ్గరికే ధర వచ్చి చేరింది. తాము ముందు మొదలుపెట్టింది పలకనేననీ, దాన్ని పక్కనపెట్టి ఆ తెరతో ముందు ఫోన్ తయారుచేశామనీ జాబ్స్ ఆ ఏడాదే చెప్పాడు. అమ్మకాల తొలిరోజే మూడు లక్షలు అమ్ముడుపోయాయి.

హైదరాబాద్‌లో కూర్చిన ఆకాశ్

ఐప్యాడ్ వచ్చిన ఏడాదే, 2010 జులైలో, అప్పటి కేంద్రమంత్రి కపిల్ సిబల్ 35 డాలర్ల ట్యాబ్ నమూనా చూపించి విద్యార్థులకు ఇస్తామన్నారు. 2011 అక్టోబర్ 5న ఢిల్లీలో అది ఆకాశ్ అన్న పేరుతో వచ్చింది. స్టీవ్ జాబ్స్ చనిపోయింది కూడా ఆ తేదీనే. ఆకాశ్ కాంట్రాక్టు డేటావిండ్ సంస్థది, కొనుగోలు బాధ్యత ఐఐటీ రాజస్థాన్‌ది, విడిభాగాలను కూర్చింది మన హైదరాబాద్‌లో క్వాడ్ సంస్థ. దేశమంతా ఎదురుచూసిన చవక పలక మా ఊరికి గంట ప్రయాణంలో తయారైందన్నమాట.

ఏడంగుళాల తెర, బరువు 350 గ్రాములు, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, 2,100 ఎంఏహెచ్ బ్యాటరీ. ప్రభుత్వానికి పడిన ధర 50 డాలర్ల లోపు. అంత తక్కువకు రావాలంటే ఎక్కడో కోత పడాలి. తెర నొక్కితేనే పలికే రకం. ప్రాసెసర్ నెమ్మది. బ్యాటరీ రెండు మూడు గంటలకే చేతులెత్తేసేది. అందులోని ఆండ్రాయిడ్ 2.2లో తెలుగు ఫాంటే లేదు, అక్షరాల చోట గళ్లు కనిపించేవి. తెలుగు పిల్లవాడికి ఇంతకన్నా పెద్ద లోపం ఏముంటుంది? ఆండ్రాయిడ్ మెనూ భాషల్లో తెలుగు చేరింది 2014లో, 5.0తో.

కొనేముందు ఏ పరీక్షలు పెట్టాలన్న దగ్గర ఐఐటీకీ కంపెనీకీ పేచీ వచ్చింది. పరీక్షలు మరీ కఠినమని కంపెనీ అంది. కంపెనీకీ క్వాడ్‌కూ మధ్య కూడా చెడింది. చివరికి 2012లో బాధ్యత ఐఐటీ బొంబాయికి మారింది. ఆ ఏడాది నవంబర్ 11న అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆకాశ్ 2ను విడుదల చేశారు. తెర ఆనిస్తే పలికే రకం అయింది, ర్యామ్ 512 ఎంబీకి పెరిగింది. అయితే ఈలోగా బజారులో అంతకన్నా మంచివి కాస్త ఎక్కువ ధరకు దొరకసాగాయి. ఆకాశ్ మాట వినబడటం తగ్గిపోయింది. ఏ పరీక్షలో నెగ్గాలో ఒప్పందం రోజే రాసుకుని ఉంటే కొంత గొడవ తప్పేది. ఇంట్లోకి కొనే ఒక్క వస్తువుకైనా అంతే. ఏం చూడాలో దుకాణం మెట్లెక్కక ముందే కాగితం మీద రాసుకోవాలి.

పాఠం ఎవరిది?

2022 డిసెంబర్ 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. ప్రభుత్వ బడుల్లోని ఎనిమిదో తరగతి పిల్లలకూ, వాళ్ల ఉపాధ్యాయులకూ కలిపి 5 లక్షలకు పైగా ఇచ్చారు. అవి శామ్‌సంగ్ ట్యాబ్‌లు, లోపల బైజూస్ పాఠాలు. తర్వాతి ఏడాది మళ్లీ 4 లక్షలకు పైగా ఇచ్చారు. 2024 జులైలో బైజూస్ మాతృసంస్థ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. పలక ఒకరిది, పాఠం ఇంకొకరిది అయినప్పుడు రెండూ ఒకే వయసు బతకవు. కోర్సుతో కలిపి ట్యాబ్ అమ్మజూపితే, ఆ కోర్సు లేకుండా ఈ ట్యాబ్ మామూలుగా పనిచేస్తుందా అని ముందే అడగాలి.

దుకాణంలో పావుగంట

ఈ చరిత్రంతా దుకాణంలో పావుగంట పనికి వస్తుంది. ముందు డబ్బా చదవండి. 2012 నాటి కేంద్ర ఉత్తర్వుతో మొదలుపెట్టి, మన దేశంలో అమ్మే ట్యాబ్‌కు భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నమోదు తప్పనిసరి. ఆర్‌తో మొదలయ్యే ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు వివరం వస్తుంది. సిమ్ పెట్టే ట్యాబ్ అయితే ఐఎంఈఐ నంబరును టెలికాం శాఖ వారి సంచార్ సాథీలో సరిచూడండి.

తర్వాత డెమో పీస్ అడిగి తీసుకోండి. సెట్టింగ్స్‌లో అసలు ర్యామ్ ఎంతో చూడండి. మాకు "ఎనిమిది" అని చెప్పింది తీరా చూస్తే నాలుగే. మిగతా నాలుగు స్టోరేజ్‌లోంచి అరువు తెచ్చుకునే వర్చువల్ ర్యామ్. సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. అది ఏడాది పాతదైతే ముందు ముందు పట్టించుకునేవాడు ఉండడనే లెక్క. పాఠ్యపుస్తకం పీడీఎఫ్ తెరిచి గబగబా పేజీలు తిప్పండి. "క్షేత్రం", "స్త్రీ" అని తెలుగులో టైపు చేసి ఒత్తులు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడండి. అడిగి దుకాణం బయటికి తీసుకొచ్చి, మన ఎండలో అక్షరం కనిపిస్తుందో లేదో చూడండి. పది నిమిషాలు ఒక చేత్తో పట్టుకోండి, మణికట్టే చెబుతుంది.

మా మేనకోడలు ఇవన్నీ చేసింది. ఎండలోకి వచ్చేసరికి మొదటి ట్యాబ్ తెర అద్దంలా మారి, అందులో అమ్మ ముఖమే కనిపించింది. ఆ రోజు కొనలేదు. వారం తర్వాత ఇంకో దుకాణంలో అంతకన్నా చిన్నది, కాస్త తేలికైనది తీసుకున్నాం. దానిలో నాలుగు జీబీ అని రాసి ఉంది, నాలుగే ఉంది. సర్వీస్ సెంటర్ హైదరాబాద్‌లో ఉందని అక్కడికి ఫోన్ చేసి రూఢి చేసుకున్నాం. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించాం.

దాన్ని కూడా అమ్మ మెటికతో కొట్టి చూసింది. మీరు వెళ్లేటప్పుడు ఇంట్లో పలక కొన్న అనుభవం ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లనూ, దాన్ని రోజూ వాడబోయే పిల్లనూ వెంట తీసుకెళ్లండి. పావుగంట చూడనివ్వని దుకాణంలో మాత్రం కొనకండి.