జొన్న వేరు పిలుపు, వినేసిన దొంగ

ఈ రోజు కథ ఒక కలుపు మొక్కతో మొదలవుతుంది. పేరు స్ట్రైగా. మన దగ్గర జొన్న మల్లె అంటారు. పేరు ముద్దుగా ఉంది గానీ పని మాత్రం దారుణం. జొన్న వేరుకు అతుక్కుని నీళ్లు, పోషకాలు లాగేసుకుంటుంది. దీని విత్తనం దుమ్ము రేణువంత ఉంటుంది. మొలకెత్తకుండా ఏళ్ల తరబడి మట్టిలోనే పడి ఉండగలదు. మరి పక్కన వేరు పెరుగుతోందని దానికి ఎలా తెలుస్తుంది?

1956లో ఈ కలుపు అమెరికాలోని కరొలినా రాష్ట్రాల్లో, మొక్కజొన్న పొలాల్లో కనిపించింది. దాంతో అక్కడ పరిశోధన ఊపందుకుంది. 1966లో కుక్ అనే శాస్త్రవేత్త బృందం పత్తి వేర్లు వదిలే రసాయనాల్లోంచి ఒకదాన్ని వేరు చేసింది. అదే స్ట్రైగోల్. రవ్వంత తగిలితే చాలు, స్ట్రైగా విత్తనం నిద్ర లేస్తుంది. (ఆ బృందంలోని మన్రో వాల్, క్యాన్సర్ మందు టాక్సాల్‌ని కనిపెట్టిన ఇద్దరిలో ఒకాయన.)

అసలు చిక్కు ఇక్కడే. శత్రువుని లేపే పదార్థాన్ని మొక్క ఎందుకు తయారు చేస్తుంది? దొంగని మనమే ఇంటికి పిలుస్తామా? పైగా పత్తికి స్ట్రైగా పట్టనే పట్టదు! ఈ ప్రశ్నకి జవాబు రావడానికి దాదాపు 40 ఏళ్లు పట్టింది.

2005లో జపాన్‌లో అకియామా బృందం చెప్పింది: ఆ పిలుపు దొంగ కోసం కాదు, ఒక ఫంగస్ కోసం. మట్టిలో భాస్వరం పెద్దగా కదలదు. వేరు తన చుట్టూ ఉన్నది తినేశాక ఆకలితో ఉండాల్సిందే. అప్పుడు మైకోరైజా అనే ఫంగస్ సన్నటి దారాలు చాచి, దూరం నుంచి భాస్వరం తెచ్చిస్తుంది. బదులుగా మొక్క చక్కెర, కొవ్వు పెడుతుంది. ఆకలి పెరిగేకొద్దీ వేరు ఈ స్ట్రైగోలాక్టోన్లని ఇంకా ఎక్కువ వదులుతుంది. జొన్నలో అయితే నత్రజని తగ్గినా ఇదే జరుగుతుంది.

2008లో ఇంకో సంగతి బయటపడింది. ఇవి మొక్క లోపల హార్మోన్లు కూడా. కొమ్మలు, వరిలో అయితే పిలకలు, ఎక్కువ రాకుండా ఆపుతాయి. తిండి తక్కువైనప్పుడు సంసారం పెంచుకోవద్దని అన్నమాట.

కానీ మట్టి ఎంత పేదదైతే పిలుపు అంత గట్టిగా ఉంటుంది, దొంగకి కూడా అంత బాగా వినిపిస్తుంది. ఆఫ్రికాలో ఎరువు కొనలేని రైతు మీదే స్ట్రైగా దెబ్బ ఎక్కువ పడటానికి ఇదొక కారణం. ఇథియోపియాలో పుట్టిన గెబిసా ఎజెటా స్ట్రైగాని తట్టుకునే జొన్న రకాలు తయారు చేసి, 2009లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ అందుకున్నారు. అలాంటి జొన్నల్లో ఒక జన్యువు లేదని 2017లో తేలింది. ఆ జొన్నలు పిలవడం మానలేదు. వాటి వేర్లు వేరే రకం స్ట్రైగోలాక్టోన్ వదులుతున్నాయి. స్ట్రైగా విత్తనం దానికి అంతగా లేవదు.