తెలుగులో వయ్యారపు అక్షరాలు: బ్లాకు నుంచి ఫాంటు దాకా

తెలుగు అక్షరాల అందం గురించి రాసినవాళ్లు చాలామంది రెండు మాటలతో సరిపెడుతుంటారు. తాటాకు మీద గంటంతో రాయడం వల్ల మన లిపి గుండ్రబడిందన్నది మొదటి మాట. చిత్రకారుడు బాపు వచ్చి ఆ గుండ్రదనానికి వయ్యారం నేర్పారన్నది రెండోది. ఇవి అబద్ధాలు కావు, కానీ చాలవు. ఒక బొమ్మల కళాకారుడో చేనేత సంఘమో తమ సరుకు మీద వేసుకోవడానికి కాస్త సరదా అయిన తెలుగు అక్షరం కావాలనుకుంటే ఇవాళ ఇంత తికమక ఎందుకో వీటివల్ల తెలియదు. దానికి జవాబు అచ్చాఫీసుల ఖర్చుల లెక్కల్లో ఉందని నా అభిప్రాయం.

తొలి అచ్చు కథ అందరికీ తెలిసిందే. 1740లలో జర్మనీలోని హాలెలో బెంజమిన్ షుల్జ్ వేయించిన క్రైస్తవ పుస్తకాలు, 19వ శతాబ్ది మొదట్లో శ్రీరాంపూర్ మిషన్ అచ్చులు, 1816లో మద్రాసులో వెలువడిన క్యాంప్‌బెల్ వ్యాకరణం, 1854లో పుట్టిన వావిళ్ల వారి ముద్రణాలయం. వీటన్నిటిలో అక్షరం పని చదివించడమే. కంటిని ఆపి పలకరించే పని దానికి ఇంకా పడలేదు.

అయితే అదే కాలంలో అచ్చుకు బయట మరో అక్షరం బతికింది. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాల్లో రామాయణ ఘట్టాల మధ్య పట్టీల్లో తెలుగు రాత కనిపిస్తుంది. బొమ్మ గీసిన వెదురు కలమే ఆ అక్షరాలూ రాసింది. తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ నీళ్లలో పులియబెట్టి తీసిన కసిం నలుపే రెంటికీ సిరా. పట్టీలో చోటు తగ్గితే అక్షరాన్ని నొక్కి రాశారు, మిగిలితే సాగదీశారు. చేతివృత్తికీ అక్షరానికీ మన దగ్గర ఉన్న పాత బంధుత్వానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అక్షరకళ చరిత్రలు మాత్రం ఈ వస్త్రాల్ని బొమ్మల ఖాతాలో వేసి వదిలేశాయి.

అసలు చిక్కంతా 1930లకూ 1980లకూ మధ్య కాలం దగ్గర ఉంది. ఆ రోజుల్లో పత్రికల కథా శీర్షికలు, పుస్తకాల అట్టలు, సినిమా పోస్టర్లు, అగరుబత్తి, అగ్గిపెట్టె లేబుళ్లు రకరకాల అక్షరాలతో కళకళలాడేవి. దీన్ని కొందరు ప్రతిభావంతుల పుణ్యమని చెప్పడం రివాజు. ప్రతిభ ఉన్నమాట నిజమే. కానీ అంతమంది కళాకారులకు అక్షరాలు రాసే పని దొరకడానికి కారణం సీసపు టైపు.

ఇంగ్లీషు టైపు కేసు రెండు అరపెట్టెల్లో సర్దుకుంటుంది. తెలుగుకు అది కుదరదు. అచ్చులు, హల్లులు, తలకట్టుతో ఒక రూపం, గుణింతంతో మరికొన్ని, ఆపైన వత్తులు కలిపి ఒక్క సైజు టైపుకే వందల రకాల ముక్కలు పోతపోయాలి. ప్రతి ముక్కా పదుల సంఖ్యలో ఉండాలి. ఇలాంటిదాన్ని మరో నాలుగు సైజుల్లో, మరో నాలుగు పోకడల్లో కొనడం మామూలు అచ్చాఫీసు తరమయ్యేది కాదు. అందుకే చదువుకునే టైపు ఒకటి, శీర్షికలకు లావు టైపు ఒకటో రెండో, అంతే. అంతకుమించిన సొగసు కావాలంటే బ్లాకు చేయించడమే దారి.

బ్లాకు చేసే పద్ధతి ఇది. చిత్రకారుడు తెల్ల అట్ట మీద ఇండియన్ ఇంకుతో ఆ పదాన్ని పెద్దదిగా రాస్తాడు. దాన్ని ఫొటో తీసి, ఆ నెగటివ్‌ని మందు పూసిన జింకు రేకు మీదికి ఎక్కిస్తారు. రేకును ఆమ్లంలో ఉంచితే అక్షరం చుట్టూ లోహం కరిగి అక్షరం పైకి తేలుతుంది. దాన్ని చెక్కదిమ్మె మీద టైపు ఎత్తుకు సరిపడా బిగించి, మిగతా సీసం అక్షరాల పక్కనే పేరుస్తారు. ఈ పనిలో కీలకమైన సంగతి ఒకటుంది. చిత్రకారుడు ఒక్కో అక్షరాన్ని విడిగా కాక, పదం మొత్తాన్ని ఒకే బొమ్మగా చూశాడు. వత్తు ఎక్కడ వేలాడాలో, ‘కొమ్ము’ ఎంత సాగాలో, రెండు సున్నాలు పక్కపక్కనే వస్తే ఏది చిన్నది కావాలో ఆ పదాన్ని బట్టి తేల్చాడు. కలంకారీ పట్టీలో జరిగిందే మళ్లీ ఇక్కడ జరిగింది.

ఈ వాదనకు హద్దులున్నాయి. గోడ పోస్టర్లకు చెక్క అక్షరాలు వాడిన ప్రెస్సులున్నాయి. లేబుళ్ల సంగతి వేరు, అవి ఎక్కువగా లితో పనులు. అక్కడ రాత నేరుగా రాతిమీదికో ప్లేటుమీదికో వెళ్లేది కాబట్టి సీసం బెడదే లేదు. అలాగే కన్నడానికీ ఇవే ఇబ్బందులు ఉన్నాయి, అక్కడా చేతి అక్షరాలు వర్ధిల్లాయి. కనుక ఇది మనవాళ్ల ప్రత్యేక ప్రజ్ఞ అనుకోనక్కర్లేదు. టైపు ఖరీదుగా ఉన్న ప్రతి లిపిలోనూ చేతికి పని దొరికింది. ఈ పోలిక నా వాదనకే బలం.

ఇందువల్ల బాపు (1933–2014) స్థానం తగ్గదు. పత్రికలు, పుస్తకాల అట్టలు, సినిమా టైటిళ్లు అన్నీ ఒక్క చేతికి అందడం వల్ల ఆయన రాత జనం కళ్లకు అలవాటైంది. వ్యాపార ప్రకటనల సంస్థలో పనిచేసిన అనుభవం కూడా ఆయనకు ఉంది. ఎంత ఆడించినా అక్షరం అస్థిపంజరం చెదరనివ్వకపోవడం ఆయన గొప్ప. అయితే కేతా, ఈశ్వర్, గంగాధర్ వంటి పోస్టర్ కళాకారుల్నీ, ఊరూరా దుకాణాల బోర్డులు రాసిన పెయింటర్లనీ పక్కనపెట్టి సరదా అక్షరం అంటే బాపు అక్షరమే అనడం ఆ కాలానికి అన్యాయం. ఈ పొరపాటు ఖరీదు ఇవాళ శుభలేఖల్లో కనిపిస్తుంది. ఎక్కడ చూసినా ఆయన రాతను పోలిన ఒకే ఒరవడి.

కంప్యూటర్ వచ్చి చేతి అక్షరాన్ని చంపిందన్నది మరో ప్రచారం. అది సగమే నిజం. ఆఫ్‌సెట్ రావడంతోనే జింకు బ్లాకు అవసరం పోయింది. 1990లలో డీటీపీ సెంటర్లు పెరిగాక అను వంటి సాఫ్ట్‌వేర్లతో అలంకార ఫాంట్లు డజన్లకొద్దీ చౌకగా దొరికాయి. ఎంపిక తగ్గలేదు, పెరిగింది. పోయింది పదాన్ని మొత్తంగా చూసే చూపు. ఫాంటులో ప్రతి అక్షరం ఎప్పుడూ ఒకేలా వస్తుంది, పక్కన ఏముందో దానికి పట్టదు. పైగా ఆ ఫాంట్లు యూనికోడ్‌వి కావు. ఒక షాపులో కంపోజ్ చేసిన ఫైలు ఆ ఫాంటు లేని మరో షాపులో అర్థంకాని గుర్తులుగా తెరుచుకునేది. 2000 తరువాత ఫ్లెక్సీలు విరివిగా వచ్చి బోర్డు పెయింటర్ల ఉపాధిని కూడా తుడిచిపెట్టాయి.

యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. అలంకార ఫాంట్లకు మాత్రం ఇంకో పదేళ్లు పట్టింది. సిలికానాంధ్ర సంస్థ, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి తెచ్చిన ధూర్జటి, రవిప్రకాష్, లక్కిరెడ్డి వంటివి ఉచితంగా, స్వేచ్ఛా లైసెన్సుతో అందరికీ అందాయి. ముంబైకి చెందిన ఎక్ టైప్ వారి బలూ తమ్ముడు మెత్తని లావు గీతలతో పిల్లల సరుకులకు బాగా నప్పుతుంది. ఇవి నిజమైన మేలు. వీటిని కాదనేవాళ్లతో నేను ఏకీభవించను.

కానీ చేతిపనుల లేబుల్ మీదికి వచ్చేసరికి లోపాలు బయటపడతాయి. రెండు వేళ్ల వెడల్పు చీటీ మీద ‘ఏటికొప్పాక లక్క బొమ్మలు’ అని లావు ఫాంటులో వేసి చూడండి. మూడు మాటల్లో మూడు వత్తులు. పైనున్న అక్షరం ఎంత హాయిగా ఆడినా కిందున్న వత్తు ఇరుకున పడుతుంది. గోధుమరంగు గరుకు కాగితం సిరాను పీల్చుకోగానే వత్తులోని ఖాళీ పూడిపోతుంది. ‘ప’లో తలకట్టుకీ ఒంటికీ మధ్య సందు ఉండాలి. అది మూసుకుపోతే ‘వ’ అవుతుంది. ఫొటోషాప్ వంటి వాటి పాత వెర్షన్లలో దక్షిణాసియా భాషల కంపోజర్ ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి పొల్లులుగా నిలబడతాయి. ఇంగ్లీషు కొలతలతో పెట్టిన వరుసల మధ్య దూరం మన వత్తులకు చాలదు.

వీటన్నిటికీ భయపడి చాలామంది పేరును సొగసైన ఇంగ్లీషు ఫాంటులో వేసుకుని, తెలుగును కింద ఏదో ఒక మామూలు ఫాంటులో సరిపెడుతున్నారు. అంకుడు కర్ర మీద లక్క పూసిన బొమ్మకీ, పొణికి కర్రతో చెక్కిన కొండపల్లి బొమ్మకీ ఇది తగదు. చేతిపని విలువే ఏ రెండు వస్తువులూ అచ్చంగా ఒకేలా ఉండకపోవడంలో ఉంది.

అందుకని నా సలహా ఇది. సరదా ఫాంటును పేరుకు మాత్రమే, పెద్ద సైజులో వాడండి. ధర, చిరునామా, చేసినవారి పేరు సాదా ఫాంటులో ఉంచండి. ఏ ఫాంటునైనా ఎంచుకునే ముందు మీ ఊరి పేరూ మీ సరుకు పేరూ అందులో వేసి, అసలు కాగితం మీద, అసలు సైజులో అచ్చు తీసి చూడండి. శ్రీకాళహస్తి, నిర్మల్, ఉప్పాడ వంటి పేర్లలో వత్తులు నిలబడితేనే అది పనికొస్తుంది. అన్నిటికంటే ముందు మీ ఊళ్లో బోర్డులు రాసిన పెయింటర్ ఇంకా ఉంటే ఆయన చేత మీ పేరును ఒక్కసారి రాయించుకోండి. దాన్ని స్కాన్ చేసుకుంటే ఎన్నేళ్లైనా వాడుకోవచ్చు. ఆయనకు తగిన డబ్బు ఇవ్వండి, లేబుల్ మీద ఓ మూల ఆయన పేరూ వేయండి. ఆ తరం ఇంకా మన మధ్య ఉండగానే ఈ పని జరగాలి.