ఒక్క కర్రతో గోల్ఫ్: సముద్రం ఒడ్డున ఆట నేర్చుకున్న క్యాడీ కుర్రాడు

ఈ రోజు గోల్ఫ్ గురించి మాట్లాడుకుందాం. ఆగండి ఆగండి, అప్పుడే స్క్రోల్ చేసేయకండి. గోల్ఫ్ అంటే డబ్బున్నోళ్ల ఆట, మనకెందుకులే అనుకుంటారని నాకు తెలుసు. సరిగ్గా ఆ మాట మీదే ఈ ఎపిసోడ్.

గోల్ఫ్ కోచ్‌లు ఒక ప్రాక్టీస్ చెప్తుంటారు. బ్యాగ్‌లో ఉన్న కర్రలన్నీ ఇంట్లో వదిలేసి, ఒక్క కర్ర పట్టుకెళ్లి, 18 హోల్స్ మొత్తం దాంతోనే ఆడి రండి అంటారు. వినడానికి పిచ్చిగా ఉంటుంది. గోల్ఫ్‌లో ఒక్కో పనికి ఒక్కో కర్ర ఉంటుంది కదా. దూరంగా కొట్టడానికి డ్రైవర్, ఇసుక గుంటలోంచి బంతిని లేపడానికి శాండ్ వెడ్జ్, రంధ్రం దగ్గర మెల్లగా దొర్లించడానికి పట్టర్, మధ్యలో ఐరన్లు. రూల్ ప్రకారం 14 కర్రలకు మించి తీసుకెళ్లకూడదు. కానీ ఇంత కంటే తక్కువ ఉండకూడదు అని మాత్రం ఎక్కడా లేదు. ఒక్కటే తీసుకెళ్లినా మిమ్మల్ని ఎవరూ ఆపరు.

ఇక్కడ చిన్న మాట. ఇంగ్లీషులో ఈ కర్రని కూడా క్లబ్ అంటారు, ఆట ఆడే సంఘాన్ని కూడా క్లబ్ అంటారు. మనకి తికమక అవుతుందని కర్రని కర్ర అనే అంటాను. అలాగే ఆటగాళ్ల బ్యాగ్ మోసే మనిషిని క్యాడీ అంటారు. మన వైపు "వాడొట్టి కేడీ గాడు" అంటే అర్థం వేరు, అది ఇది కాదు!

ఆ 14 అనే లెక్క కూడా మొదటి నుంచీ ఉన్నది కాదు. పాత రోజుల్లో కర్రలకి హికరీ అనే చెక్కతో చేసిన కాడ ఉండేది. చెక్క కాబట్టి ఏ రెండూ ఒకేలా వంగేవి కావు. చేతికి కుదిరింది ఎక్కడైనా దొరికితే దాన్ని ప్రాణంలా చూసుకునేవాళ్లు. వాటికి నంబర్లు లేవు, మాషీ, నిబ్లిక్, బ్రాసీ అని పేర్లుండేవి. 1916లో చిక్ ఎవాన్స్ అనే అమెరికన్ కేవలం 7 కర్రలతో యూఎస్ ఓపెన్ గెలిచాడు. నాలుగు రౌండ్లకు కలిపి 286 స్ట్రోకులు, ఆ రికార్డు 20 ఏళ్లు నిలబడింది. ఈ ఎవాన్స్‌ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

1920ల్లో స్టీల్ కాడలకి అనుమతి వచ్చింది. ఫ్యాక్టరీలో వరసగా నంబర్లేసి సెట్లు సెట్లుగా అమ్మడం మొదలైంది. దాంతో బ్యాగ్ ఉబ్బిపోయింది. కొందరు ఇరవైకి పైగా కర్రలు మోయించేవాళ్లు. చూడండి, ఆడేవాడు ఒకడు, మోసేవాడు ఇంకొకడు! చివరికి 1938లో అమెరికా గోల్ఫ్ సంఘం 14 దగ్గర గీత గీసింది. మరుసటి ఏడాది బ్రిటన్ వాళ్లూ అదే చేశారు. ప్రతి షాట్‌కీ ఒక పనిముట్టు కొనుక్కుంటూ పోతే ఇక చేతి పనితనం ఎక్కడుంటుంది అన్నది అప్పటి వాదనల్లో ఒకటి.

ఇప్పుడు అసలు కథలోకి వెళ్దాం. స్పెయిన్ ఉత్తరాన, సాంతాందేర్ అనే ఊరికి ఎదురుగా, బే అవతలి ఒడ్డున పెద్రెన్యా అనే పల్లెటూరు ఉంది. ఆవులు, పొలాలు, చేపల పడవలు, అంతే. స్పెయిన్ రాజకుటుంబం అప్పట్లో వేసవికి సాంతాందేర్ వచ్చేది. ఆ రాచరికపు అండతో 1928లో ఈ పల్లె పక్కన ఒక గోల్ఫ్ కోర్సు కట్టారు. డిజైన్ చేసింది హ్యారీ కోల్ట్ అనే పేరున్న ఇంగ్లీషాయన. కోర్సు పెద్దోళ్లది, చుట్టూ ఉన్న పొలాలు రైతులవి. రైతుల పిల్లలకి దాంతో ఉన్న సంబంధం ఒక్కటే, బ్యాగులు మోయడం.

1957 ఏప్రిల్ 9న ఆ ఊళ్లో ఒక రైతు ఇంట్లో సెవే పుట్టాడు. పూర్తి పేరు సెవెరియానో బాయెస్తెరోస్. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి బాల్లెస్టెరోస్ అంటుంటారు గానీ, స్పానిష్‌లో ఆ రెండు ఎల్‌లు 'య' లాగా పలుకుతాయి. మాన్యుయెల్, బాల్దొమెరో, విసెంతే అని ముగ్గురు అన్నలు, ముగ్గురూ క్యాడీలే.

సెవే మొదటి కర్ర అసలు కర్రే కాదు. పాత ఐరన్ తల ఒకటి దొరికితే దానికి పుల్ల దూర్చుకుని, బంతులు లేక గులకరాళ్లని కొట్టేవాడు. ఎనిమిదేళ్లప్పుడు అన్న మాన్యుయెల్ ఒక పాత మూడో నంబర్ ఐరన్ ఇచ్చాడు. అంతే, చాలా కాలం అదే అతని బ్యాగ్, అదే అతని ప్రపంచం. మన గల్లీ క్రికెట్‌లో వీధి మొత్తానికి ఒకే బ్యాట్ ఉండేది చూడండి, దాంతోనే ఓపెనరూ ఆడాలి, చివరోడూ ఆడాలి. అలాంటిదే అనుకోండి.

మరి ఎక్కడ ఆడాలి? క్యాడీ పిల్లలకి కోర్సులో ఆడే హక్కు లేదు. అందుకని బీచ్‌కి వెళ్లేవాడు. అల వెనక్కి పోయాక తడి ఇసుక గట్టిగా ఉంటుంది, అక్కడే హోల్స్ తవ్వుకుని ఆడేవాడు. వెన్నెల రాత్రుల్లో దొంగచాటుగా కోర్సులోకి దూరేవాడు. చీకట్లో బంతి కనబడదు. తగిలిన చప్పుడు, చేతికి తెలిసిన అదురు, వీటిని బట్టి ఎటు పోయిందో ఊహించి వెతుక్కోవాలి. ఇది నాకు చాలా ఇష్టమైన వివరం. కోటి రూపాయల సిమ్యులేటర్‌లో కూడా ఈ పాఠం దొరకదనిపిస్తుంది నాకు.

సరే, మూడో ఐరన్ ఏంటో తెలిస్తే ఇందులో కష్టం అర్థమవుతుంది. కర్ర తల ఎంత వెనక్కి వాలి ఉంటే బంతి అంత పైకి లేస్తుంది. శాండ్ వెడ్జ్ 55 డిగ్రీల దాకా వాలి ఉంటుంది. ఇప్పటి మూడో ఐరన్ దాదాపు 20 డిగ్రీలే. అంటే అది దూరంగా, కిందగా కొట్టడానికి చేసిన కర్ర. పైగా పొడుగు, కొట్టడం కష్టం. చాలామంది అమెచ్యూర్లు ఇప్పుడు దాన్ని బ్యాగ్‌లోనే పెట్టుకోవట్లేదు. అలాంటి దాంతో ఇసుకలోంచి బంతిని నిటారుగా లేపి, నాలుగడుగుల అవతల మెత్తగా దించాలి. ఎలా?

తలని పక్కకి తిప్పి ముఖం ఆకాశం వైపు తెరుచుకునేలా పట్టుకోవాలి. మోకాళ్లు బాగా వంచి, చేతులు కిందకి దించి, కర్రని అడ్డంగా తీసుకురావాలి. అప్పుడు 20 డిగ్రీల కర్ర కూడా వెడ్జ్‌లా పనిచేస్తుంది. గాలి ఎదురుగా ఉంటే బంతిని వెనక పాదం వైపు పెట్టుకుని తలని కిందకి మూసి కొట్టాలి, నేలబారుగా పోతుంది. 150 గజాలే కావాలంటే పట్టు కిందకి జార్చి సగం ఊపు ఊపాలి. గ్రీన్ మీద అయితే దాని అంచుతో బంతి నడుము మీద తట్టాలి. ప్రతి షాట్‌కీ కొత్తగా కనిపెట్టాలి. 14 కర్రలున్నోడు "ఇక్కడికి ఎన్ని గజాలు?" అని అడుగుతాడు. ఒక్కటే ఉన్నోడు "దీన్ని అక్కడికి ఎలా పంపాలి?" అని ఆలోచిస్తాడు.

1974లో, 16 ఏళ్లకే సెవే ప్రొఫెషనల్ అయ్యాడు. రెండేళ్ల తర్వాత, 1976లో ఇంగ్లండ్‌లోని రాయల్ బర్క్‌డేల్‌లో ఓపెన్ చాంపియన్‌షిప్. 19 ఏళ్ల ఈ కుర్రాడు ఎవరికీ తెలీదు, ఇంగ్లీషు కూడా సరిగా రాదు. మూడు రౌండ్లయ్యేసరికి రెండు స్ట్రోకుల ఆధిక్యంతో అందరికంటే ముందున్నాడు! చివరి రోజు జానీ మిల్లర్ 66 కొట్టి గెలుచుకుపోయాడు, అది వేరే సంగతి. కానీ జనం గుర్తుపెట్టుకుంది ఆఖరి హోల్‌ని. సెవే బంతి గ్రీన్ పక్కన పడింది, మధ్యలో రెండు బంకర్లు. ఎవరైనా వాటి మీదుగా బంతిని లేపుతారు. ఇతను ఆ రెండింటి మధ్య ఉన్న సన్నటి దారిలోంచి దొర్లించాడు. ఆ బర్డీతో జాక్ నిక్లాస్‌తో సమానంగా రెండో స్థానం. పెద్రెన్యా బీచ్‌లో బంతిని లేపే కర్ర లేక నేల మీదే పంపిన పిల్లాడికి తప్ప ఆ దారి ఇంకెవరికి కనబడుతుంది చెప్పండి?

1979లో రాయల్ లిథమ్‌లో ఓపెన్ గెలిచాడు. 16వ హోల్‌లో టీ షాట్ కుడివైపు పోయి కార్లు పార్క్ చేసిన చోట పడింది. అక్కడి నుంచి గ్రీన్ ఎక్కించి బర్డీ కొట్టాడు. దాంతో "కార్ పార్క్ చాంపియన్" అని ఎగతాళి చేసినవాళ్లూ ఉన్నారు. 1980లో అగస్టాలో మాస్టర్స్ గెలిచిన మొదటి యూరోపియన్ అయ్యాడు, వయసు 23. మొత్తం ఐదు మేజర్లు. 1983 రైడర్ కప్‌లో అయితే బంకర్‌లోంచి వుడ్ తీసుకుని కొట్టాడు. వుడ్ అంటే లావుపాటి తల ఉన్న పొడుగు కర్ర, దాన్ని ఇసుకలో వాడటం తిక్క పని. బంతి 240 గజాలు దాటి గ్రీన్ అంచుకి చేరింది. అన్నీ ఉన్నా కూడా, ఈ కర్ర ఈ పనికే అన్న గీత అతని బుర్రలో ఎప్పుడూ లేదు.

ఇప్పుడు నాకున్న పేచీ చెప్తాను. ఇంటర్నెట్‌లో ఈ కథ ఎలా తిరుగుతుందంటే, "చూశారా, ఒక్క కర్రతోనే చాంపియన్ అయ్యాడు, లేమే గొప్ప గురువు" అని మోటివేషన్ రీల్స్ చేసేస్తారు. నాకు అది నచ్చదు. ఒక్క కర్రతో ఆడిన క్యాడీ పిల్లలు ప్రపంచమంతా వేలమంది. వాళ్లంతా ఏమయ్యారు? సెవేకి మిగతా వాళ్లకి లేనివి కొన్ని ఉన్నాయి. ముగ్గురు అన్నలూ తర్వాత ప్రొఫెషనల్స్ అయ్యారు. మేనమామ రామోన్ సోతా అప్పటికే స్పెయిన్‌లో పెద్ద ఆటగాడు, 1965 మాస్టర్స్‌లో ఆరో స్థానంలో నిలిచాడు. అంటే ఇంట్లోనే "మనలాంటోళ్లు కూడా అక్కడిదాకా పోవచ్చు" అని చూపించే మనిషి ఉన్నాడు. ఇల్లేమో కోర్సు పక్కనే.

ఇంకోటి. ఆ మూడో ఐరన్ అతనికి అన్నీ నేర్పలేదు. డ్రైవర్‌తో నిటారుగా కొట్టడం అతనికి జీవితాంతం సమస్యే. కుర్రతనంలో బంతి చెట్లలోకి పోయినా బయటికి తెచ్చుకునేవాడు. వయసు పెరిగి వెన్నునొప్పి వచ్చాక, పోవడం ఎక్కువైంది, తెచ్చుకోవడం తగ్గింది. 1995 తర్వాత యూరోపియన్ టూర్‌లో మళ్లీ గెలవలేదు. ముందే అతని చేతికి మంచి డ్రైవర్ ఎవరైనా ఇచ్చి ఉంటే? నేను ఈ ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగాను.

పైగా ఒక్క కర్రతో ఆడటాన్ని సరదా పోటీగా కూడా పెట్టారు. 1987లో అమెరికాలోని నార్త్ కరొలినాలో జరిగిన వన్ క్లబ్ ప్రపంచ పోటీలో థాడ్ డేబర్ అనే ఆయన ఒక్క ఆరో నంబర్ ఐరన్‌తో 18 హోల్స్‌ని 70 స్ట్రోకుల్లో ముగించాడు. మామూలు ఆటగాడికి 14 కర్రలతో 90 దాటుతుంది! గొప్ప విషయమే. కాకపోతే ఆట అయ్యాక మిగతా 13 మళ్లీ చేతికొస్తాయని అతనికి తెలుసు. సెవేకి ఆ పదమూడు లేనే లేవు.

ఇప్పుడు చిక్ ఎవాన్స్ దగ్గరికి వద్దాం. 7 కర్రలతో గెలిచిన అతను కూడా చికాగోలో క్యాడీగానే మొదలయ్యాడు. పేరొచ్చాక గోల్ఫ్ పాఠాలు గ్రామఫోన్ రికార్డుల మీద చెప్పాడు. అమెచ్యూర్‌గా ఉండాలంటే ఆ డబ్బు తీసుకోకూడదు. తల్లి సలహాతో దాన్ని క్యాడీల చదువుకి స్కాలర్‌షిప్‌గా మార్చాడు. 1930లో ఇద్దరితో మొదలైంది, ఇప్పటికి వేలమంది డిగ్రీలు చేసి బయటికొచ్చారు. లేమిని పొగిడే బదులు ఇది చేశాడాయన.

మన దేశంలో కూడా ఈ కథ ఉంది. బ్రిటిష్ దీవుల బయట అన్నిటికంటే పాత గోల్ఫ్ క్లబ్ 1829 నాటి కలకత్తాది. అంటే క్యాడీలు కూడా దాదాపు 200 ఏళ్లుగా ఉన్నట్టే కదా. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో క్యాడీగా పనిచేసిన అలీ షేర్, 1991లో అదే కోర్సులో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆ టైటిల్ గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ అతనే. గాలివాటం అనుకున్నారేమో, 1993లో మళ్లీ గెలిచాడు.

సెవే 2011 మే 7న బ్రెయిన్ ట్యూమర్‌తో పెద్రెన్యాలోనే చనిపోయాడు. వయసు 54. 2015లో బే అవతల ఉన్న విమానాశ్రయానికి అతని పేరు పెట్టారు. అన్నట్టు, రాత్రిపూట దొంగచాటుగా దూరిన ఆ పెద్రెన్యా కోర్సులో తర్వాత మరో 9 హోల్స్ కట్టారు. వాటిని డిజైన్ చేసింది సెవేనే.